సౌమ్య ఫ్లెక్సీ

జనగామలో ఎవరి బిడ్డకు ఎంత ర్యాంకు వచ్చిందో ఆ బిడ్డ మేనమామలకంటే ముందు అర్షియాకు తెలుస్తుంది. బస్టాండు వెనక వీధిలో ఆమె తండ్రి ఫకీర్ అహ్మద్‌కు ఫ్లెక్సీల దుకాణం ఉంది. కంప్యూటరు ముందు కూర్చుని వాటిని తయారుచేసేది అర్షియా. పుట్టినరోజులు, దుకాణాల ప్రారంభోత్సవాలు, నాయకుల రాకపోకలు ఎన్ని వచ్చినా ఆమె చేయి చకచకా సాగిపోతుంది. ర్యాంకుల దగ్గరే ఆగుతుంది. ఎవరో ఒక అమ్మాయి ఫోటో వెనకున్న గోడను చెరిపి, జుట్టు అంచులను వెంట్రుక వెంట్రుకగా తీర్చి, పైన ‘అభినందనలు’ అని పెట్టేటప్పుడు ఆమె పెదవులు బిగుసుకుంటాయి.

అర్షియాది కూడా ఇంటర్మీడియట్ రెండో సంవత్సరమే. పొద్దున ప్రభుత్వ కళాశాల, మధ్యాహ్నం నుంచి దుకాణం. గుడ్డ మీద రంగు ఆరేదాకా దొరికే వ్యవధిలో ఫోనులో గణితం పాఠాలు. కంప్యూటర్ ఇంజనీరింగులో సీటు తెచ్చుకోవాలని ఆమె రెండేళ్లుగా చదువుతోంది.

లింగాల ఘనపూర్ నుంచి బస్సులో వచ్చి చదువుకున్న సౌమ్య, పదో తరగతి దాకా ఆమె పక్కన కూర్చున్న పిల్ల. పదిలో అర్షియాకే ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ వేసవిలో అర్షియా తండ్రిని ఒక్కటే అడిగింది: “అబ్బూ, నాదొక ఫ్లెక్సీ కొడదమా?”

“మన మిషన్ల మన బిడ్డ ఫోటో మనమే కొట్టుకుంటె బజారంత నవ్వుతది బేటా. ఇంకెవరన్న కొట్టిస్తె అందం” అన్నాడు ఫకీర్ అహ్మద్.

ఇంకెవరూ కొట్టించలేదు. సౌమ్య హైదరాబాదులో పెద్ద కాలేజీ హాస్టలుకు వెళ్లిపోయింది. ఫిబ్రవరిలో జేఈఈ మొదటి విడత ఫలితాల్లో సౌమ్యకు తొంభై ఎనిమిది పర్సెంటైల్ వచ్చింది. అదే పరీక్ష రాసిన అర్షియా డెబ్బై దగ్గరే ఆగిపోయింది. ఆ సాయంత్రం నుంచి ఆమె పుస్తకం తెరవడం మానేసింది. ఇంటర్ పరీక్షలను గిన్నెలు తోమినట్టు రాసి వచ్చింది. రాష్ట్ర ఇంజనీరింగు ప్రవేశ పరీక్షకు దరఖాస్తు చేసుకోవాలి, అదీ చేయలేదు. తల్లి మున్నవర్ బేగం అడిగినప్పుడల్లా “చేస్త అమ్మీ” అనేది. సౌమ్య కంటే వెనకబడి రాయడంకంటే అసలు రాయకపోవడమే గౌరవమని ఆమె వాదన. పదిహేడేళ్ల పిల్లకు ఆ వాదన ఎవరు నేర్పారని నిలదీస్తే, చౌరస్తాలో వేలాడే ప్రతి ఫ్లెక్సీనీ బోనెక్కించాల్సి ఉంటుంది. అసూయ పాపమని సులువుగా చెప్పేవాళ్లంతా ఏదో ఒకటి దక్కినవాళ్లే.

ఆ ఏడాది ఉగాది, రంజాన్ పండుగలు వెంటవెంటనే పడ్డాయి. రోజాల ఉపవాసాలు ఇంకా నడుస్తున్నాయి. దుకాణంలో కాలు పెట్టే చోటు లేదు. దరఖాస్తు గడువు మర్నాటితో ముగుస్తుందనగా, సౌమ్య తండ్రి ధర్మేందర్ ఫోటోల కట్టతో వచ్చాడు.

“ఫకీర్ భాయ్, సౌరస్తా కాడ ఎక్కాలె, పెద్దది! ఉగాదికి ఉగాది అయితది, బిడ్డ పర్సెంటైల్‌కు పర్సెంటైల్ అయితది.”

“అర్షియా చేస్తది పటేలా. దాని దోస్తే గద” అన్నాడు ఫకీర్ అహ్మద్.

ధర్మేందర్‌కు సర్పంచ్ ఎన్నికల మీద కన్నుంది. అందుకే ఆ కట్టలో సౌమ్య ఫోటో ఒక్కటి, మండల నాయకులవీ నర్మెట్ట ఊళ్లోని తన బావమరిదివీ బోలెడు. అర్షియాకు దారి దొరికింది. నాయకుల తలలను పెంచింది. బావమరిదికి పూలదండ వేసింది. సౌమ్యను ఒక మూలకు జరిపి, చెరువులో తామరాకంత చేసింది. చేస్తున్నంతసేపూ ఆమెకు ఎంతో హాయిగా అనిపించింది.

ధర్మేందర్ తెర మీదికి వంగి చూశాడు.

“వారెవ్వా! అన్నలు మస్తుగొచ్చిండ్రు పో!”

“సౌమ్య జర చిన్నగైంది అంకుల్” అంది అర్షియా, ఉండబట్టలేక.

“కానీ తియ్. దాని మొఖం కాలేజోళ్లు ఎట్లనన్న ఏస్తరు. ఆఁ, మర్సిన. నీ ఫోటో గూడ కింద దోస్తుల జాగల పెట్టాల్నని సౌమ్య ఫోన్ల మరీ మరీ చెప్పింది. పెట్టుకో బిడ్డా, నీ దగ్గర పైసలేం తీస్కోను!” అని తన హాస్యానికి తానే నవ్వుకుంటూ టీకి వెళ్లాడు.

ఫకీర్ అహ్మద్ ముఖం వెలిగిపోయింది. ఇంకెవరో కొట్టించే ఫ్లెక్సీ మీద తన కూతురు! తెల్లటి ఫ్లెక్సీ గుడ్డను గోడకు పరిచి, ముందు ఆమెను నిలబెట్టి ఫోను ఎత్తాడు.

“జర నవ్వు బేటా.”

“రోజా ఉన్న. నవ్వు రాదు.”

“రోజా ఉంటె నవ్వంగ పండ్లు కనబడొద్దని ఏడ రాసున్నది?”

ఆమె నవ్వలేదు. ఫోటో మాత్రం సూటిగా, స్పష్టంగా వచ్చింది. దాన్ని గుండ్రంగా కత్తిరించి కింది వరుసలో, ‘శుభాకాంక్షలతో’ అన్న మాట పక్కన పెట్టింది. ఒకవైపు ఎరువుల దుకాణం యజమాని, మరోవైపు నర్మెట్ట బావమరిది. పదిలో తాను దాటి వచ్చిన పిల్లకు ఊరి నడిబొడ్డున శుభాకాంక్షలు చెప్పబోతున్నది తన ముఖమే. నాయకుల తలల మధ్య నలిగిన ఆ తామరాకంత సౌమ్య కూడా ఇప్పుడు ఆమెకు పెద్దగానే కనిపించింది.

అంతలో ఫోను మోగింది. సౌమ్య.

“ఏమే, మా బాపు వచ్చిండా? నీ ఫోటో పెట్టినవా లేదా?”

“పెడుతున్న.”

“మంచిగ నవ్వేది పెట్టు, పదో తరగతి గ్రూప్ ఫోటోల లెక్క మూతి ముడ్సుకోకు. అది సరే, ఎంట్రెన్స్‌కు సెంటర్ ఏడ పెట్టుకున్నవ్? నేనైతే హన్మకొండ పెట్టిన. పరీక్షకు ఇంటికొస్త, ఇద్దరం ఒక్క బస్సుల పోదం. పెట్టినవు గద?”

లేదనడానికి ఒక్క క్షణం చాలు. ఆ క్షణంలో అవతలి గొంతులో పలకబోయే జాలి అర్షియా చెవులకు ముందే వినిపించింది. ఏ పర్సెంటైలూ ఆమెనంతగా కాల్చలేదు.

“పెట్టిన. హన్మకొండే” అంది.

“శభాష్! నువ్ రాయకపోతె నాకు మజా ఏమున్నదే. పదిల నన్ను దాటినవ్, యాదున్నదా? గది నాకింకా మంటే.”

అర్షియా ఫోను పెట్టేసింది. ఆ మాట ఆమెను శాంతింపజేయలేదు; ఇంకా రగిలించింది. తాను కుళ్లిపోతూ చదువు మానేసిన ఈ నెలన్నరా అక్కడ అదే మంటతో సౌమ్య చదువుతూ ఉందన్నమాట. మంటలోనూ సౌమ్యే ముందుంది!

కింది వరుసలోంచి తన ఫోటోను తీసేసింది. ఆ ఖాళీలోకి ఎరువుల దుకాణం యజమానిని జరిపింది. తర్వాత ప్రవేశ పరీక్ష వెబ్‌సైటు తెరిచి దరఖాస్తు మొదలుపెట్టింది. ఫోటో అడిగిన చోట, తెల్లటి గుడ్డ ముందు తండ్రి తీసిన ఆ నవ్వని ముఖాన్నే పెట్టింది.

టీ తాగి వచ్చిన ధర్మేందర్ ఫ్లెక్సీ చూసి, “నీదేది బిడ్డా?” అన్నాడు.

“జాగ సరిపోలే అంకుల్. అన్నలు ఎక్కువైండ్రు.”

ఆయన సంతోషంగానే ఒప్పుకుని వెళ్లాడు. ఫకీర్ అహ్మద్ మాత్రం కూతురి వెనకకు వచ్చి నిలబడ్డాడు. పరీక్షా కేంద్రం దగ్గర ఆమె హన్మకొండను ఎంచుకోవడం చూశాడు.

“సౌమ్యతోని కలిసి పోతవా బేటా? మంచిది. తోడుంటది.”

“తోడుకు కాదు అబ్బూ” అంది అర్షియా, తల తిప్పకుండానే. “నేను బయటికొచ్చేటప్పుడు దాని మొఖం ఎట్లుంటదో సూడాలె.”

రోజా విడిచే ఇఫ్తార్‌కు ఇంకా సమయం ఉంది. దరఖాస్తు పంపించి, పక్క కుర్చీలో నెలన్నర దుమ్ము పట్టిన భౌతికశాస్త్రం పుస్తకాన్ని తీసి, సౌమ్య ఫ్లెక్సీని మిషనుకు ఎక్కించమని తండ్రికే చెప్పింది.