అంజినమ్మను ఇంగ్లీషులో చంపినా

ముందు టీ పొయ్యండప్పా, తర్వాత చెప్తా. డ్యూటీ దిగి నేరుగా ఈడికే వచ్చినా. నిలబడే ఓపిక గూడా లేదు. కానీ ఈ సంగతి ఎవురికో ఒకరికి చెప్పకుంటే నా కడుపుబ్బరం తగ్గదు. పోయిన నెల మా ఆస్పత్రిలో బతికుండే మనిషికి పూలదండలొచ్చినాయి, తప్పెట్లోళ్ళకు ఫోన్ పోయింది, చేనులో గుంత తీయడం గూడా మొదలుపెట్టినారు. ఇంతా చేసింది ఎవురనుకుంటాండారు? నేనే! నా ఇంగ్లీషే!

నర్సులకు పెట్టే ఆ పెద్ద ఇంగ్లీషు పరీక్షకు నేను ఎన్నాళ్ళ నుంచి కొట్టుకుంటాండానో మీకు తెలుసు కదా. బయటి దేశంలో ఉద్యోగం కావాలంటే అది పాసయ్యే తీరాల. చదవడం, రాయడం, వినడం ఎట్లో గట్టెక్కినా. మాట్లాడే కాడ రెండుసార్లు పోయింది. రెండుసార్లూ కొంచెంలోనే! అదీ మంట.

ఆ మాట్లాడే పరీక్షలో ఏం చేస్తారంటే, చేతికి ఒక కార్డిస్తారు. దాంట్లో ఒక పేషెంటు కథ ఉంటాది. ఎదురుగా కూచున్న మనిషి పేషెంటు మాదిరో, పేషెంటు కూతురు మాదిరో నటిస్తాది. మనం నర్సు మాదిరి నటించాల. పొద్దన లేస్తే నేను చేసే పని అదే కదప్పా! నర్సును, నర్సు మాదిరి నటించలేక ఫెయిలైనా. చూడండి నా బతుకు.

ఆన్‌లైన్లో కోచింగ్ ఇచ్చే సార్ ఒకాయన ఉండాడు. "సునీతగారూ, మీకు గ్రామర్ ఓకే. ఎంపతీయే లేదు. బాధపడేవాళ్ళతో మాట్లాడుతున్నట్టు లేదు, బస్టాండ్‌లో బస్సు నంబర్లు చదువుతున్నట్టుంది" అన్నాడు. డబుల్ డ్యూటీ చేసినోళ్ళకు ఎంపతీ యాడ్నుంచి వస్తాది సార్ అని అడగాలనిపించింది. అడగలా. ఎందుకంటే అది ఇంగ్లీషులో ఎట్ల అడగాలో వెంటనే తోచలా.

ఇంట్లో ప్రాక్టీసు చేద్దామంటే మా అమ్మ ఊరుకోదు. "ఎవురితోనే కొట్లాడతాండావు?" అని వంటింట్లో నుంచి అరుస్తాది. అందుకని అన్నం టైములో ఆస్పత్రిలోనే, టెర్రసుకు పోయే మెట్ల మీద కూచుని నా ఫ్రెండు రోజీకి ఫోన్ చేస్తా. రోజీ బెంగుళూరులో నర్సు. అదీ ఇదే పరీక్షకు చదువుతాండాది. ఒకరోజు నేను నర్సు, అది పేషెంటు మనిషి. ఇంకోరోజు తిరగేస్తాం.

ఆ రోజు నేను నర్సు. కార్డు ఏందంటే, పేషెంటు చనిపోయింది, ఆ మాట మొగునికి చెప్పాల.

చెప్పినా. మొగుడు మాదిరి ఏడవాల్సిన రోజీ అవతల ఆవలించింది.

"ఏమే, మిసెస్ థామ్సన్ అంటాండావు, ఆ థామ్సన్ నీకు తెలుసా?" అనింది. "తెలీని మనిషి కోసం ఏడుపు యాడొస్తాది? బాగా తెలిసిన పేరు పెట్టుకో."

మంచి ఐడియానే అనిపించింది. మా అమ్మ పేరు పెట్టబుద్ధి కాలా. నీ పేరు పెడతానంటే రోజీ ఒప్పుకోలా. ఇంకెవురు? ఆ వారమంతా పొద్దన, సాయంత్రం నా నోట్లో నలిగే పేరు ఒకటే. మా వార్డులో కిటికీ పక్క బెడ్డు, అంజినమ్మ.

అంజినమ్మకు పిత్తాశయంలో రాళ్ళుంటే ఆపరేషను చేసినారు. బాగా జరిగింది. మనిషి గట్టిగా ఉండాది, గొంతు ఇంకా గట్టిగా ఉండాది. "సిస్టరమ్మా, ఈ ఫ్యాను తిరుగుతాండాదా, ఊగుతాండాదా?" "సిస్టరమ్మా, ఈ గంజి మనుషులు తాగేదేనా?" ఆమెకు తోడుగా మొగుడు ఓబులేసు. ఆయప్ప పాపం నోరు తెరిచేదే తక్కువ. ముందు బెంగుళూరులో ఏదో అపార్ట్‌మెంటుకు వాచ్‌మన్‌గా చానా ఏండ్లు చేసినాడంట. ఈ ముక్క నాకు ముందే తెలిసుంటే నా నోరు అదుపులో ఉండేది!

సరే, కండ్లు మూసుకున్నా. అంజినమ్మను తల్చుకున్నా. గొంతు తగ్గించి నిదానంగా ఎత్తుకున్నా.

"సర్, ప్లీజ్ సిట్ డౌన్. అయామ్ అఫ్రెయిడ్ ఐ హ్యావ్ బ్యాడ్ న్యూస్. యువర్ వైఫ్ అంజినమ్మ... పాస్డ్ అవే దిస్ ఆఫ్టర్‌నూన్. వియ్ డిడ్ ఎవ్రీథింగ్ వియ్ కుడ్. అయామ్ సో సారీ, సర్."

నిజంగా చెప్తాండా, కండ్లలో నీళ్ళొచ్చినాయి. అంజినమ్మ కోసం కాదు. నిద్రలేక మొగం వాచిపోయి, అన్నం తినే టైములో అన్నం తినకుండా, దుమ్ము మెట్ల మీద కూచుని, లేని మనిషికి ఇంగ్లీషులో సారీ చెప్పుకుంటాండా కదా, నా మీద నాకే జాలేసింది. ఎట్లొస్తేనేం, ఎంపతీ వచ్చింది!

"సూపర్ ఉండాదే!" అని అరిచింది రోజీ. "అట్లే ఇంకోసారి చెప్పు. కొంచెం గట్టిగా!"

గట్టిగా చెప్పినా. ముక్కు చీదుకుంటా చెప్పినా.

ఆ టైములో కింది మెట్ల మలుపు కాడ ఓబులేసు నిలబడుకున్నాడు. ఊర్నుంచి బస్సులో వచ్చిన క్యారియరు చేతిలో పెట్టుకుని, పెండ్లానికి సంగటి పెట్టచ్చునా లేదా అని అడగనీకి నన్ను ఎతుక్కుంటా వచ్చినాడంట. తర్వాత ఆయనే చెప్పినాడు ఇదంతా. ఆ అపార్ట్‌మెంటులో ఎవురైనా పోతే 'పాస్డ్ అవే' అని కాగితం రాసిస్తారంట, లిఫ్టు పక్కన అంటించేది ఈయనేనంట. ఇంగ్లీషులో ఇంకేమొచ్చినా రాకున్నా ఆ రెండు ముక్కలు ఆయనకు బాగా వచ్చు. పైన సిస్టరు ఏడుస్తాండాది. పెండ్లాం పేరు చెప్తాండాది. పాస్డ్ అవే అంటాండాది. ఇంకేం కావాల?

రెండు మెట్లెక్కి నన్ను అడిగుంటే అయిపోయేది. వార్డులోకి తొంగి చూసినా అయిపోయేది. పోలా. "ఆ మొగం చూసే ధైర్యం లేకపాయ తల్లీ" అన్నాడు తర్వాత. క్యారియరు మెట్ల మీదే పెట్టేసి, కిందికి దిగి, గేటు బయట టీ కొట్టు కాడ కూలబడినాడు. టీ కొట్టాయన నీళ్ళు తాపి, సంగతి విని, ఈయన ఫోన్ తీసుకుని దాంట్లో ఉండే నంబర్లన్నిటికీ వరసగా చెప్పినాడు. మంచి మనిషి!

నేనేం చేసినా? మెట్లు దిగుతాంటే క్యారియరు కనబడింది. ఎవురో మర్చిపోయినారని సెక్యూరిటీకిచ్చి, "ఈ జనానికి వస్తువుల మీద గ్యానమే ఉండదు" అని నీతులు గూడా చెప్పినా. వార్డులోకి పోతే అంజినమ్మ ఆకలితో మండిపోతాండాది.

"మా ఆయప్ప యాడ పోయినాడు సిస్టరమ్మా? సంగటి, ఊరుబిండి వస్తాదని పొద్దన్నుంచి చూస్తాండా."

"యాడికి పోతాడు పెద్దమ్మా, టీ కొట్టు కాడ కూచునుంటాడు" అన్నా నవ్వుకుంటా. "ఆస్పత్రికొస్తే మగోళ్ళకు అదే కదా వార్డు!"

పొద్దు వాలినాక అంజినమ్మ ఇంక ఆకలికి ఆగలేక పక్క బెడ్డాయమ్మ దగ్గర పెరుగన్నం పెట్టించుకుని తింటాండాది. నేను మందుల ట్రే పట్టుకుని తిరుగుతాండా. అప్పుడు వినబడింది మెట్ల మీద గోల. ఒకరిద్దరు గాదు, జీపు నిండా జనం. ముందర అంజినమ్మ కూతురు.

"అమ్మా! నన్నిడిసి పోయినావా అమ్మా!"

మొగానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చుకుంటా వచ్చి నేరుగా బెడ్డు మీద పడింది. యాడ పడింది? కుట్ల మీద!

"అయ్యో సచ్చినానే!" అని పెట్టింది కేక అంజినమ్మ.

వెనకొస్తాండే జనమంతా యాడోళ్ళు ఆడ నిలబడిపోయినారు. ఒకాయన చేతిలో బంతిపూల దండ. ఏడుపు సగంలో ఆగిపోయి అందరికీ నోళ్ళు తెరుచుకున్నాయి. అంజినమ్మ చేతిలో అన్నం ముద్ద అట్లే ఉండాది. వాళ్ళందరినీ ఒకసారి చూసింది, దండను చూసింది. ఆమెకు గుబులు పుట్టింది.

"ఏమే, ఎవురు పోయినారే?"

వెనకాల నుంచి ఒక ముసలామె, "నువ్వేనంట కదే" అనింది.

ఇంతలో ఇద్దరు పట్టుకుని ఓబులేసును తీసుకొచ్చినారు. పెండ్లాన్ని చూసినాడు. ఆడనే నేల మీద కూచుండిపోయినాడు. ఏడుస్తాండాడో నవ్వుతాండాడో తెలీలా. ఏడ్చి నవ్వి, వేలు ఎత్తి నన్ను చూపించినాడు.

"ఈ సిస్టరే చెప్పింది. ఏడ్చుకుంటా చెప్పింది. ఇంగ్లీషులో చెప్పింది."

జనమంతా నా పక్కకు తిరిగినారు. అప్పుడు గదా నాకు మెట్లు, రోజీ, "కొంచెం గట్టిగా" అన్నీ వరసగా గుర్తుకొచ్చినాయి!

గోల విని మా సూపరింటెండెంట్ మేడం వచ్చింది. "ఏంటి సునీతా ఇది?"

"ప్రాక్టీసు మేడం" అన్నా.

"ఏం ప్రాక్టీసు?"

"చనిపోయినారని చెప్పే ప్రాక్టీసు మేడం."

నా నోట్లో నుంచి వచ్చినాక నాకే ఎట్లనో వినబడింది ఆ మాట. దండ పట్టుకున్నాయన ముందుకు దూకినాడు. ఆయన అంజినమ్మ తమ్ముడు, తిప్పన్న.

"ప్రాక్టీసుకు మీకు మా అక్కే దొరికిందా? తప్పెట్లోళ్ళకు చెప్పినాం! ఆడ చేనులో గుంత తీస్తాండారు! ఆ రాతి నేలలో గడ్డపారలు వంకర పోతాండాయంట! ఏమనుకుంటాండారు మీరు? పోదాం పదండి స్టేషన్‌కు!"

నా పని అయిపోయిందనుకున్నా. పరీక్ష ముందర పెట్టుకుని ఉండా. రేపు బయటికి పోవాలంటే ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ ఇయ్యాల్సింది ఈ మేడమే. ఆమె మొగం చూస్తే సర్టిఫికెట్ కాదు, నాకే డిశ్చార్జ్ ఇచ్చేటట్లుండాది.

"తిప్పా, నోరు మూసుకో" అనింది అంజినమ్మ మంచం మీద నుంచి. చేతిలో ముద్ద నోట్లో పెట్టుకుని, మింగి, చెయ్యి తుడుచుకునింది. "ఆపరేషనయిన కాడ నుంచి ఈ మంచం మీద పడుండా. ఎట్లుండావే అని ఒక్కరన్నా వచ్చినారా? సచ్చినానంటే జీపు కట్టుకుని వచ్చినారు! ఈ పిల్లను చూడండి. రోజూ నా మీద గొణుక్కుంటానే అయినా మందేసి పోతాది. నా పేరు చెప్పి ఏడ్చిందంట. మీలో ఎవురన్నా నేను బతికుండంగా నాకోసం ఒక చుక్క కార్చినారా?"

అందరూ తలకాయలు కిందికేసినారు. నేను వాళ్ళకన్నా కిందికేసినా. ఆ కన్నీళ్ళు ఎవురి కోసమో చెప్పే ధైర్యం నాకు లేదు. మీరూ చెప్పద్దండి.

తిప్పన్నకు కోపం యాడికి పోయిందో. చేనుల మధ్యలో ఉండే బోరు కాడ తగవొచ్చి అక్కాతమ్ముళ్ళకు చానా ఏండ్లుగా మాటల్లేవంట. మంచం కాడికి వచ్చి, "నువ్వు పోయినావనంగానే నాకు చేతులు కాళ్ళు ఆడలేదక్కా" అని పిల్లోని మాదిరి వెక్కినాడు. ఆమె తల నిమిరింది. సూపరింటెండెంట్ మేడం గూడా కండ్లద్దాలు తీసి తుడుచుకునింది. ఆహా, నా తప్పుతో ఒక ఇల్లు కలిసింది కదా దేవుడా అని నాకు కొంచెం ప్రాణం వచ్చింది.

"అయితే ఆ బోరు మాదేనని ఒప్పుకుంటావా?" అనింది అంజినమ్మ తల నిమురుకుంటానే.

"అదెట్లవుతాదక్కా? గట్టు నాది కదా!" తిప్పన్న లేచి నిలబడినాడు.

మళ్ళా మొదలు! ఇద్దరినీ ఆపలేక మేడమే చేతులెత్తేసింది. జనమంతా కిందికి దిగుతాంటే అంజినమ్మ వెనక నుంచి అరుస్తాండాది: "ఆ గుంత పూడ్చద్దని చెప్పండి! వానొస్తే చీనీకాయ చెట్టు పెట్టుకుంటా!"

మేడం నన్ను రూముకు పిలిచింది. అరవలా. అరిచినా బాగుండేది. తలుపు దగ్గరికేసి, "పరీక్ష అయ్యేదాకా ఈ బిల్డింగులో నీ నోట్లో ఇంగ్లీషు ముక్క వినబడకూడదు. అర్థమయిందా?" అనింది.

"ఎస్ మేడం" అన్నా.

ఆమె చూసిన చూపుకు, "సరే మేడం, సరే" అనుకుంటా బయటికొచ్చేసినా.

ఇంక ప్రాక్టీసు లేదు, ఏం లేదు. అట్లే బెంగుళూరుకు పోయి పరీక్ష రాసినా. మాట్లాడే కాడికి వచ్చేసరికి కార్డిచ్చినారు. చదివినా. చావు లేదు, ఆపరేషను లేదు. హమ్మయ్య! ఎదురుగా కూచున్న మేడం పేషెంటు కూతురంట. నవ్వు మొగం పెట్టుకుని "గుడ్ మార్నింగ్" అన్నా. ఆమె మొగం దిగాలుగా పెట్టి, "నర్స్, ఈజ్ మై ఫాదర్ ఆల్‌రైట్?" అనింది.

అంతే! నాకు ఆ జీపు, ఆ దండ కండ్ల ముందరికొచ్చేసినాయి. నోరు దానంతట అదే తెరుచుకునింది.

"హీ ఈజ్ అలైవ్ మేడం! అలైవ్! నోబడీ డైడ్! ప్లీజ్ డోంట్ కాల్ ఎనీబడీ!"

ఆమె కుర్చీతో సహా వెనక్కి జరిగింది. రిజల్టు ఇంకా రాలేదు. వచ్చినా నేను చూసేది లేదు. ఎందుకంటారా? కార్డులో ఆ పెద్దాయనకుండే జబ్బు మోకాలి నొప్పి.