మూడో భాగంలో మునిగిన పడవ

మొన్న వేసవి సెలవుల్లో ఒక మధ్యాహ్నం, బరంపురం పక్కన హల్దియాపదర్‌లోని మా ఇంట్లో నేను మామిడికాయలు తరుగుతూ ఉంటే, తొమ్మిదో తరగతి గట్టెక్కిన మా అమ్మాయి ఫోనులో ఏదో యాప్ తెరిచి నా ముందు పెట్టి, నీ పడవ పిల్ల వచ్చేసిందమ్మా అంది. పడవ పిల్ల అంటే పాతికేళ్ళ కిందట మేము టీవీలో చూసిన జపాను బొమ్మల సీరియల్. దాని అసలు పేరేమిటో మాకెప్పుడూ తెలియదు, ఇది మేము పెట్టుకున్న పేరు. మా అమ్మాయికీ దాని స్నేహితులకీ ఈ మధ్య ఒక పిచ్చి పట్టుకుంది. యానిమేలని వాళ్ళు పిలిచే ఈ పాత జపాను బొమ్మల సీరియళ్ళన్నీ వెతికి తీసి, ఇప్పుడు చూస్తే ఇవి నిలబడతాయా, లేక అప్పట్లో వేరే గతిలేక నచ్చాయా అని తేల్చి, పదికి ఇన్ని మార్కులని వేసి గ్రూపులో పెట్టుకుంటారు. పడవ పిల్లకి సాటి వచ్చేది మళ్ళీ పుట్టలేదని నేను చాలా ఏళ్ళుగా ఊదరగొడుతూ వచ్చాను కాబట్టి, ఇప్పుడు సీరియల్‌తో పాటు నా మాట కూడా పరీక్షకి కూర్చుంది.

ముందే చెప్పుకోవాలి, నాది అనుమానపు బుద్ధి. పుట్టుకతో వచ్చింది కొంత, ఉద్యోగంతో వచ్చింది మిగతాది. బరంపురంలో ఒక బీమా ఆఫీసులో క్లెయిము కాగితాలు సరిచూడడం నా పని. ఎదుటివాళ్ళు చెప్పేది నిజం కాకపోవచ్చునని అనుకోవడానికే నాకు జీతమిస్తున్నారు. పాలవాడి పాలు, టీవీలో చెప్పే వాన, మా ఆయన ఫోనులో చెప్పే పది నిమిషాలు, దేన్నీ నేను ఒక్కసారికి నమ్మను. నా అనుమానానికి అందకుండా మిగిలిన మనిషి లోకంలో ఒక్కరే, మా అత్త, నాన్నకి అక్క. మా చిన్నప్పుడు రామయ్యపట్నంలో ఇంటిల్లిపాదీ పిల్లలకి అబద్ధాలు చెప్పేవారు. నాన్న చేపల వేటకి వెళ్తూ పొద్దు వాలేలోగా వచ్చేస్తానని చెప్పి మూడో రోజుకి వచ్చేవాడు. బడిలో వేసే సూది చీమ కుట్టినట్టు కూడా ఉండదని అమ్మ చెప్పింది. ఆ వరసలో నా పక్కన నిలబడ్డ అత్త మాత్రం, "నొప్పెడతాది. ఏడుపొస్తే ఏడు, సెయ్యి మాత్రం కదపకు" అంది. ఆ తరవాత నుంచి అత్త చెప్పిందంటే ఇంకొకరిని అడిగి చూసుకునే పని నాకు పడలేదు.

ఆ సీరియల్‌ని మాకు తెలుగులో చెప్పింది కూడా ఆవిడే. అది హిందీ డబ్బింగులో వచ్చేది. మాకు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ఒడియా వస్తే హిందీ సగం వచ్చినట్టేనని అంటారు గాని, ఆ బొమ్మలు మాట్లాడే వేగానికి ఆ సగం ఎటు పోయేదో తెలిసేది కాదు. అత్త అంతకు ముందు మావయ్యతో గుజరాత్ వైపు వెళ్ళి రెండేళ్ళు ఉంది. ఆయన చేపలు పట్టే ట్రాలరు మీద, ఆవిడ రొయ్యలు వలిచే షెడ్డులో. అక్కడ ఆవిడకి హిందీ పట్టుబడింది. సీరియల్ వచ్చిన ఏడు ఆవిడొక్కతే మా ఇంటికి తిరిగొచ్చింది, మావయ్య అక్కడే పనిలో ఉండిపోయాడు. మేము బడి లేని ఎండాకాలం మధ్యాహ్నాలు, తడిపి పరిచిన గోనెసంచుల మీద బోర్లా పడుకుని టీవీ చూసేవాళ్ళం. వాకిట్లో ఆరేసిన చేపల వాసన గదిలోకి వచ్చి కూర్చునేది. అత్త టీవీ పక్కన స్తంభానికి చేరబడి, బొమ్మలు ఒక మాట అన్న వెంటనే తెలుగులో ఆ మాట అనేది. ముసలాడికి ముసలి గొంతు, పిల్లకి పిల్ల గొంతు. నాన్న గుమ్మంలో వల బాగుచేసుకుంటూ, చూడనట్టే చూస్తూ, మధ్యలో తీర్పులిచ్చేవాడు. ఆ పడవకి బరువే లేదని, దాన్ని గీసినవాడు జన్మలో సముద్రం మొహం చూసి ఉండడని ఆయన గట్టి నమ్మకం.

మాకు తెలిసిన కథ ఇదీ. దీవుల మధ్య ఉత్తరాలు మోసే పడవవాడికి ఒక కూతురు. ఒకనాడు తండ్రి పడవ వేసుకుని వెళ్ళాడు. ఊళ్ళో ఏదో పండగ అయ్యింది. పండగ మర్నాడు కూతురు చిన్న పడవ తీసుకుని తండ్రిని వెతుక్కుంటూ బయలుదేరింది. ప్రతి రేవులోనూ దిగుతుంది, ఒక ఇంటి తలుపు కొడుతుంది, మా నాన్న ఇటొచ్చాడా అని అడుగుతుంది. నిన్ననే వెళ్ళాడమ్మా అంటారు. ఆ పిల్ల ఏడుస్తుంది. మా తమ్ముడికి అక్కడ అర్థమయ్యేది కాదు. నిన్ననే వెళ్ళినవాడు రేపు దొరుకుతాడు కదా, దానికి ఏడుపెందుకు? "కంట్లో ఉప్పునీల్లు పడ్డాయి" అనేది అత్త. సీరియల్ నిండా ఆ పిల్ల కంట్లో ఉప్పునీళ్ళు పడుతూనే ఉండేవి. మా ఊళ్ళో పిల్లలందరికీ పడేవే కాబట్టి మేము సరే అనుకున్నాం. ఆఖరి భాగాలు రాకముందే బడి తెరిచారు. ఆ పిల్లకి తండ్రి దొరికాడో లేదో తెలియకుండానే నేను పెద్దదాన్నయిపోయాను.

సరే, తల్లీకూతుళ్ళం కూర్చున్నాం. మొదటి భాగానికే నాకు కొంచెం తల దించుకోవలసి వచ్చింది. అదే కెరటం అయిదుసార్లు వచ్చింది. అదే పక్షి, అదే చోట, అటు నుంచి ఇటు ఎగిరింది. గాలి తూర్పు నుంచి వీస్తుంటే తెరచాప తూర్పుకే ఉబ్బింది. నీళ్ళలో పడి లేచిన పిల్ల జుట్టుకి తడి లేదు. మా నాన్న అప్పుడన్నది అక్షరాలా నిజం, ఆ పడవకి బరువు లేదు. మా అమ్మాయి నా వైపు చూడకుండా నాలుగు మార్కులంది. రంగులు చూడు, ఆ సాయంకాలాలు ఇప్పుడు ఎవరైనా అలా వేస్తున్నారా అని నేను వాదించాను. ఆ రంగులు నిజంగానే బాగున్నాయి.

మూడో భాగంలో తండ్రి పడవ మునిగిపోయింది. జపాను మాటలకి కింద ఇంగ్లీషు అక్షరాల్లో కూడా పడింది. శవం ఒడ్డుకొచ్చింది. ఊరంతా పోగై, కాగితపు దీపాలు వెలిగించి నీళ్ళ మీద వదిలారు. నేను ఆ దీపాలని గుర్తుపట్టాను. అదే మా పండగ. ఇక్కడ కార్తీక పున్నానికి ఒడియావాళ్ళు అరటిదొప్పల పడవల్లో దీపాలు పెట్టి వదులుతారు కదా, వీళ్ళు కూడా అదే చేస్తున్నారని అత్త చెప్పింది. మేము చప్పట్లు కొట్టాం. ఒక మనిషి కర్మకాండకి చప్పట్లు కొట్టామన్నమాట. ఆ తరవాత ఆ పిల్ల రేవు రేవుకీ తిరిగేది తండ్రి కోసం కాదు. ఆయన సంచిలో పంచకుండా మిగిలిపోయిన ఉత్తరాలు ఇవ్వడానికి. తలుపు తీసినవాళ్ళు తండ్రి గురించి ఒక మంచి మాట చెబుతారు, అందుకు ఏడుస్తుంది.

నాకు ముందు కలిగింది దుఃఖం కాదు, అనుమానం. ఈ యాప్‌వాళ్ళు కథ మార్చేశారన్నాను. బొమ్మల్లో ఏముంది, మాటలు ఎలా కావాలంటే అలా రాసుకోవచ్చు. మా అమ్మాయి ఎక్కడో గాలించి, ఎవరో దాచుకున్న పాత హిందీ డబ్బింగు తెచ్చింది, బొమ్మ చుక్కలు చుక్కలుగా, గొంతులు బొంగురుగా. ఇప్పుడు నాకు హిందీ వచ్చు. మీ నాన్న ఇక లేడమ్మా అని ఆ ఊరి ముసలాడు ఆ పిల్లతో స్పష్టంగా అన్నాడు. అయితే నా జ్ఞాపకం మీదే అనుమానం. "నువ్వు ఇంకేదో సూసుంటావు, లేదంటే కలగన్నావు" అంది మా అమ్మాయి. క్లెయిములో రెండో సాక్షిని పిలిచినట్టు, గిరిసోల స్టేషను దగ్గర ఐసు వ్యాపారం చేసుకునే మా తమ్ముడికి ఫోను చేశాను. మూడో భాగంలో ఏమైందిరా అని మాత్రమే అడిగాను, ఇంకేమీ అందించలేదు. పండగ అయ్యింది కదక్కా అన్నాడు.

ఇద్దరం ఒకే కల కనం. మిగిలింది అత్త ఒక్కతే. మిగతా భాగాలన్నీ నేను ఫైలు తిరగేసినట్టు చూశాను. అత్త ఎక్కడెక్కడ ఏం మార్చిందో ఒక్కొక్కటీ పట్టుకున్నాను. మా అమ్మాయి మాత్రం మార్కులు పెంచుకుంటూ పోయింది. తండ్రి పోయాడని తెలిసి చూస్తే ప్రతి రేవూ వేరేగా ఉందని, నేను చెప్పిన కథ కంటే ఇది చాలా బాగుందని ఎనిమిది వేసింది. అది నిజమే గాని నాకు రుచించలేదు. నాకు పట్టింది వేరే సంగతి. సూది నొప్పి పెడుతుందని చెప్పిన మనిషి ఇంత పెద్ద అబద్ధం, రెండు నెలల పాటు, గొంతులు మార్చి మరీ చెప్పిందంటే, ఆవిడ ఇంకేమేం చెప్పింది? నేను ఎంత మందిని ఆవిడతో పోల్చి తక్కువ చేసుకున్నాను? ఎండలు తగ్గనిచ్చి, వేట మళ్ళీ మొదలయ్యాక ఒక ఆదివారం స్కూటీ తీసి రామయ్యపట్నం వెళ్ళాను.

అత్త వాకిట్లో పీట వేసుకుని నెత్తళ్ళు, వేలెడేసి సన్న చేపలు, ఏరుతోంది. డెబ్భైకి దగ్గర పడినా ఆ వేళ్ళ జోరు తగ్గలేదు. నేనూ ఒక పీట లాక్కుని ఏరడం మొదలుపెట్టాను. మా ఆయన ఆరోగ్యం, మా అమ్మాయి పొడుగు, బరంపురంలో నీళ్ళ ఇబ్బంది అన్నీ అయ్యాక, పడవ పిల్ల సంగతి ఎత్తాను. ఏ పిల్ల అంది. దీపాలు అన్నాను. అప్పుడు నవ్వింది. దొరికిపోయినవాళ్ళ నవ్వులా లేదు, మరిచిపోయిన చుట్టం ఎదురైనట్టు నవ్వింది. మాకెందుకు అబద్ధం చెప్పావని సూటిగా అడిగేశాను.

"ఇంట్లో మొగోలు సంద్రం మీదుంటే, మనం గుమ్మంలో కూకొని మునిగిపోనాది, సచ్చిపోనాడు అని అంతామేటే?" అంది. "ఆ మాటలు ఎనకాలే ఎల్తాయి."

నాకు ఒక్కసారి గుండె తేలికపడింది. నిజమే, మా ఇంట్లో ఆ కట్టడి ఉంది. పడవ నీళ్ళ మీద ఉన్నంతసేపూ ఆ మాటలు నోట రాకూడదు. పిల్లలు ఆటలో అన్నా వీపు మోగేది. దాన్ని మరిచిపోయి ఆవిడ మీద కేసు పెట్టుకుని వచ్చానేమిటని సిగ్గేసింది. అది అబద్ధం కాదు, ఆచారం. ఫైలు మూసేసినట్టే అనుకున్నాను. లోపలికి వెళ్ళి ఇద్దరికీ టీ పెట్టాను, తెచ్చి ఇచ్చాను, నాలుగు గుక్కలు తాగాను. కాని నా బుద్ధి ఎక్కడికి పోతుంది? మూసిన ఫైలు మళ్ళీ తెరవడం నాకు ఏళ్ళ తరబడి ఉన్న అలవాటు. మేము ఆ సీరియల్ చూసింది ఎండాకాలం సెలవుల్లో. చేపలు గుడ్లు పెట్టే కాలమని అప్పుడు సర్కారు వేట నిషేధం. మా ఊరి మరపడవలన్నీ ఇసుక మీద ఉన్నాయి. గుమ్మంలో కూర్చుని బొమ్మల పడవకి బరువు లేదన్నది మరెవరో కాదు, మా నాన్నే. ఇంట్లో మగవాళ్ళంతా ఇంట్లోనే ఉన్నారు.

"అత్తా, అప్పుడు బందు కదా. నాన్న అక్కడే ఉన్నాడు. పడవలన్నీ ఒడ్డు మీదే ఉన్నాయి. మరి సంద్రం మీద ఎవులున్నారని?"

అడిగేశాక గాని, ఏం అడిగానో నాకు తెలియలేదు. అత్త తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఆగాయి.

"మీ మావ ఉన్నాడు కదే" అంది. "ఇంకా రానేదు."

మావయ్య ఎక్కిన ట్రాలరు తిరిగి ఏ రేవుకీ చేరలేదని మాకు చాలా ఏళ్ళ తరవాత, ఎవరూ కూర్చోబెట్టి చెప్పకుండానే తెలిసింది. ఇంట్లో అందరికీ ముందే తెలుసు. అత్తకీ తెలుసనే అనుకున్నాం, ఆ విషయం ఎత్తేవాళ్ళం కాదు. ఆ ఎండాకాలం, మా చప్పట్ల మధ్య, ఆవిడ ఎవరి కోసం ఆ ముసలాడి మాటని మింగేసిందో నాకు అప్పుడర్థమైంది. కాగితాల్లో పట్టిన ప్రతి అబద్ధానికీ లోలోపల కొంచెం సంబరపడేదాన్ని నేను. ఆ రోజు పట్టినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. అత్త మళ్ళీ నెత్తళ్ళు ఏరడం మొదలుపెట్టింది. కాసేపటికి, మామూలుగా, పొయ్యి మీద కూర ఏమైందని అడిగినట్టు అడిగింది.

"ఇంతకీ ఆ పడవ గుంటకి ఆకరికి ఏటయ్యింది?"

నేను ఆఖరి భాగం చూశాను. ఆఖరి ఉత్తరం ఇచ్చేశాక ఆ పిల్ల తండ్రి పేరు పెట్టి గట్టిగా ఏడుస్తుంది, పడవని ఇంకొకరికి ఇచ్చేసి ఆ రేవులోనే ఉండిపోతుంది. ఎంతో బాగా తీశారు. ఎదురుగా సముద్రం మీద నాలుగైదు పడవలు కనిపిస్తున్నాయి.

"ఇంకా అవ్వనేదత్తా" అన్నాను. "ఇంకా వస్తానే ఉంది."

అత్త తలూపి, అవునవును, పెద్ద సీరియలే అది అంది. అత్తతో నేను ఆడిన మొదటి అబద్ధం అదే. ఇంటికొచ్చాక, అత్త ఒప్పుకుందా అని మా అమ్మాయి అడిగింది. ఒప్పుకోవడానికి తప్పేమీ లేదని చెప్పి, ఆ సీరియల్‌కి ఎనిమిది మార్కులే ఖాయం చేసుకోమన్నాను. పాతికేళ్ళలో ఏది పాతబడిందో ఏది నిలబడిందో నేనూ మా అమ్మాయీ కూర్చుని తేల్చేశాం. నా లెక్కకి మావయ్య వెళ్ళి పాతికేళ్ళు దాటింది. అత్త లెక్కకి ఆయన రావడం కొంచెం ఆలస్యమైంది, అంతే.