మిల్లుకు కొత్త బోర్డు

ఈ రోజు మా చిన్నాన్న ఈరన్నతో కౌతాళం నుంచి పత్తి ట్రాక్టరు మీద ఆదోని వెళ్లాను. ఏటా అదే జిన్నింగ్ మిల్లులో పత్తి దించి, రేటు పెరిగాక ఆ ధరకు లెక్క తేల్చుకుని డబ్బు తీసుకుంటాడు. కాగితం ఉండదు, మిల్లు యజమాని సేటు మాటే. ఈసారి గేటు మీద కొత్త బోర్డు, చివర ‘ప్రైవేట్ లిమిటెడ్’ అని ఉంది.

అదేమిటని చిన్నాన్న అడిగితే నాకు తెలిసింది చెప్పాను. ఇకపై మిల్లు వేరు, సేటు వేరు. మిల్లు దివాలా తీస్తే మిల్లు ఆస్తి వరకే మనకు దిక్కు. ఆయన సొంత ఇల్లు, పొలం జోలికి పోలేము.

హమాలీలు అప్పటికే తాళ్లు విప్పుతున్నారు. చిన్నాన్న వాళ్లను ఆపి లోపలికి వెళ్లాడు.

“సేటూ, నీ పేరుతో ఒక కాగితం రాసియ్యి.”

“ఇన్నేండ్ల నుంచి వస్తాండావు, నన్ను నమ్మవా ఈరన్నా? కంపెనీ ముద్ర ఏసిస్తా.”

“బ్యాంకోళ్లకు అప్పు కోసం నీ సొంత సంతకం గూడా పెట్టింటావు గదా. నాకూ పెట్టు.”

“అది వేరేలే అప్పా.”

చిన్నాన్న బయటికొచ్చి తాళ్లు మళ్లీ కట్టించాడు. పత్తి మార్కెట్ యార్డులో ఈ రోజు రేటుకే పోయింది.

వచ్చే నెల రేటు పెరిగితే పిన్నమ్మ తిట్టేది బోర్డు చదివిన నన్నే. మీరైతే దించేవారా?