సోలెడుకు పిడికెడు తక్కువ

అత్తమ్మ జారిపడి కుడి మణికట్టుకు కట్టు వేయించుకున్నాక, మా నాంపల్లి ఇంట్లో అన్నం వండే పని నా మీద పడింది. అంతవరకు నేను లక్డీకాపూల్‌లోని ఆఫీసుకు తయారయ్యేలోపే ఆమె వంట ముగించేది. కొలత అడిగితే, బియ్యం డబ్బాలో ఉండే ఇత్తడి కొలపాత్ర సోలను చూపించి ఒక్క ముక్కలో చెప్పింది.

"సోలెడు బియ్యానికి రెండు సోలల నీళ్లు. గంతే."

అలాగే వండాను. అన్నం పలుకుగా వచ్చింది. ఆమె పళ్లకు మెత్తటి అన్నమే కావాలి. అందాజుగా నీళ్లు పెంచితే ముద్దయిపోయేది. రెండు ముద్దలు తిని, ఆకలి లేదని కంచం పక్కకు జరిపేది. వారం తిరక్కుండానే ముఖం పీక్కుపోయింది. నాకు భయం వేసింది.

భయంతో పాటు కుతూహలం కూడా. అసలు సోలంటే ఎన్ని గ్రాములు? ఆబిడ్స్‌లో చిన్న డిజిటల్ కాటా కొనుక్కొచ్చాను. ఇత్తడి సోలెడు బియ్యం తూస్తే మూడు వందల పైచిలుకు. సోలను గట్టు మీద తట్టి చూస్తే గింజలు కిందికి దిగి ఇంకొంచెం పట్టాయి. పాత బియ్యానిది ఒక లెక్క, కొత్త బియ్యానిది మరో లెక్క. ఒకే సోల ఇన్ని తూకాలు చెబుతుంటే నాకు భలే సరదా వేసింది. మా ఆయన తొంగిచూసి, "వంట చేస్తున్నవా, బంగారం తూస్తున్నవా?" అన్నాడు.

ఒక ఉదయం అత్తమ్మ వంటింట్లో స్టూలు వేసుకుని కూర్చుంది. నేను సోల నింపి, అంచు మీద వేలితో చదును చేసి, గిన్నెలో పోశాను. కొలిచేటప్పుడు తన అలవాటు ప్రకారం ఆమె మొదటి సోలను ఒకటి అనకుండా "లాభం" అంది. తర్వాత నా చేతి వంకే చూస్తూ ఉంది.

"పిడికెడు మళ్ల డబ్బల పొయ్యలేదేంది?"

"ఎందుకు పోయాలి అత్తమ్మా?"

"కొలిచినంక జర తిరిగి పొయ్యాలె బిడ్డా. డబ్బా ఎన్నడు ఒట్టిగ కావొద్దని."

"మరి నాకు చెప్పలేదే?"

"గది కొలత కాదు కదా. దండం పెట్టుకున్నట్టు, గంతే."

ఇన్నేళ్లూ ఆమె వండింది సోలెడుకు పిడికెడు తక్కువ. నీళ్లు మాత్రం నిండుగా రెండు సోలలు. ఆ రోజు పిడికెడు తిరిగి పోసి వండాను. అన్నం మెత్తగా ఉడికింది. అత్తమ్మ మారు అడిగి వేయించుకుంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

తర్వాత కట్టు విప్పారు. వేళ్లు ముడుచుకోవడం లేదు. రోజూ పిడికిలి బిగించి వదలమని డాక్టరు చెప్పారు. ఇక ఆ పిడికెడు తనే పోస్తానంది అత్తమ్మ. నేను ఊరుకోలేక, ముందు కాటా మీద పెట్టమన్నాను. నా పిడికెడు యాభై గ్రాములు. ఆమెది పది. మిగతా గింజలు వేళ్ల సందుల్లోంచి జారిపోయాయి.

ఇప్పుడు రోజూ తూస్తున్నాం. "ఇయ్యాల ఎంతొచ్చింది?" అని టీ కన్నా ముందు అదే అడుగుతుంది. నిన్న ఇరవై దాటింది.

పిడికిలి ఇంకా నిండదు కాబట్టి అన్నం మళ్లీ పలుకుగానే వస్తోంది. ఆమె పిడికిట్లో తక్కువైన గింజలు నేను తీసి డబ్బాలో పోస్తానంటే ఒప్పుకోదు. ఆ అన్నాన్నే నెమ్మదిగా నములుతూ, కంచం ఖాళీ చేసి లేస్తోంది.