నున్నబడిన వేళ్లు

మొన్న కొత్తకోటలో బస్సు కోసం నిలబడి ఉంటే, రోడ్డు పక్కన సీతాఫలాల గంప ముందు కూర్చున్న ఒకావిడ దగ్గర ఫోనులో డబ్బు కడితే చెప్పే చిన్న డబ్బా ఒకటి, ఇన్ని రూపాయలు వచ్చాయని గట్టిగా పలికింది. అవి ఎవరి ఖాతాలో పడతాయని ఊరికే అడిగాను. "నాదాంట్లనే. ఇంకెవలదాంట్ల పడ్తయి?" అని ఎగాదిగా చూసింది. నా ఈడువాళ్లకు తెలుసు, మన అమ్మల నోట ఆ జవాబు మనం ఎన్నడూ వినలేదు. రాజోలిలోని మా మేనత్త గుర్తొచ్చి, పండ్లు కొనకుండానే బస్సెక్కాను.

మగ్గం మీద నిలువు పోగుల పాత పడుగు అయిపోవస్తే కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా దానికి అతకాలి. వేలి కొసలకు బూడిద అద్దుకుని, రెండు పోగులు కలిపి నలిపితే అతుకు పడుతుంది. ముప్పై ఏళ్లు ఆ పని చేసిన మా అత్త వేళ్లు ఏటి గులకరాళ్లలా నున్నబడ్డాయి. నేనప్పుడు గద్వాలలో ఒక షావుకారు దగ్గర గుమాస్తాను. స్కూటరు మీద ఇంటింటికీ నూలు చేరవేస్తూ, దాంతోపాటు నోటికొచ్చిన కథలూ పంచేవాణ్ణి. తుంగభద్ర వరదలో మొసలి వీపు మీద నూలు మూటలు దాటించానంటే, ఆ మొసలికి కూలి ఎంతిచ్చావని అడిగేవారే గాని కాదనేవారు లేరు.

ఆ రోజుల్లోనే చేనేత సంఘం వాళ్లు నేత ఆడవాళ్లకు సొంత మగ్గం ఇప్పిస్తామన్నారు. ఒకటే షరతు, బ్యాంకులో ఆమె పేరు మీదే ఖాతా ఉండాలి. అత్త అప్పటిదాకా పరాయి మగ్గం మీద నేసేది, ఆ కూలి మామ ఖాతాలో పడేది, అందులో ఇంటికి ఎంత చేరాలో కల్లు దుకాణం నిర్ణయించేది. గడువు పది రోజులుందనగా ఆమె ఒక్కతే బ్యాంకుకు పోయింది. వేలిముద్ర మిషను మూడుసార్లూ ఆమె వేలిని గుర్తుపట్టలేదు. కళ్లను ఫొటో తీసే మిషను తెప్పిస్తాం, వారం తర్వాత రమ్మన్నారట.

సాయంత్రం అరుగు మీద ఆడవాళ్ల మధ్య ఆమె ఆ ముచ్చట చెబుతుంటే నా నోరు ఊరుకోలేదు.

"ఇంకోసారి పోకు అత్తా. ఆ మిషను నాలుగోసారి గుర్తువట్టకుంటే నువ్వు సచ్చిపోయినవని రాసుకుంటది. లింగాలల ఒక అవ్వకు గిట్లనే అయింది. రేషన్ బియ్యం బందువెట్టి, దినాలకు ఎప్పుడు రావాల్నని మనిషిని గూడ పంపిండ్రు."

అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. అత్త నవ్విందో లేదో నేను చూడలేదు. కథ బాగా పండిందన్న సంబరంలో పెళ్లి చీరల పని మీద వనపర్తి పోయి, పదిహేను రోజులు అక్కడే ఉండిపోయాను.

తిరిగొచ్చేసరికి గడువు దాటిపోయింది, పక్కింటావిడ ఇంట్లో కొత్త మగ్గం దిగింది. నువ్వెందుకు మళ్లీ పోలేదని అత్తను అడిగాను. పోగుల మీంచి చూపు తిప్పకుండానే చెప్పింది.

"ఉన్న బియ్యం గూడ పోతే పిల్లలకేం వెట్టాలె అల్లుడా? నువ్వు నాలుగూర్లు తిరిగెటోనివి, తెల్వకనే చెప్తవా?"

అది ఉత్త కథేనని చెప్పడానికి నాకు నోరు పెగల్లేదు. మొసలి కథను నమ్మించిన నోరే అది. ఈనాటికీ ఆమెకు ఆ మాట చెప్పలేదు.

ఆమెకు ఖాతా రానే వచ్చింది, చాలా ఏళ్ల తర్వాత. సంచిలో మిషను పెట్టుకుని గడపగడపకూ తిరిగే అమ్మాయి ఒకతె అత్త కళ్లను ఫొటో తీసి, నిమిషాల్లో పని ముగించి, చివరికి వృత్తి ఏమని రాయాలని అడిగింది. పక్కనే ఉన్న నేను నేత అనబోయాను. అత్త చెయ్యి అడ్డం పెట్టింది.

"మగ్గం ఉన్నోళ్లు నేతోళ్లు. నన్ను కూలి అని రాయి బిడ్డా."

ఇప్పటి ఆడపిల్లలకు నేను ఎంత ఘనమైన కథ చెప్పినా, ఫోనులో చూసి, గట్లేం లేదు పో మామా అంటారు. ఒకప్పుడైతే చిన్నబుచ్చుకునేవాణ్ణి. ఆ సాయంత్రం అరుగు మీద అలాంటిది ఒక్కతె కూర్చుని ఉంటే, మా అత్త ఇంట్లో ఇవాళ మగ్గం చప్పుడు వినపడేది.