సముద్రం చూడని కేబులాయప్ప

ఫోను మోగినప్పుడు నా రెండు వేళ్ళ నడుమ పోగు ఉండాది. పాత కొసా కొత్త కొసా కలిపి మెలి పెడతాండా. మధ్యలో వదిలితే రెండూ జారిపోతాయి. అతికి, లాగి చూసి, అప్పుడు ఎత్తినా. పుట్టపర్తి ఆసుపత్రి నుంచి ఎదురింటి ఆయప్ప కూతురు. "పెద్దమ్మా, నాయన లేడు" అనింది. నాకు ఏడుపు రాలేదు. భయమొచ్చింది. సిగ్గు లేకుండా చెప్తాండా, మనిషి పోయినాడన్న దుఃఖం కంటే ముందు, ఇంక నేనెవర్ని అడగాల అన్న భయం వచ్చి గుండెల మీద కూర్చునింది.

నాకు చదువు రాదు. నేను చెప్తాంటే ఆయప్ప కూతురే రాస్తాండాది. ఆ బిడ్డ చేతనే ఎందుకు రాయిస్తాండానో ముందుకు పోతే మీకే తెలుస్తాది.

ధర్మవరంలో ఆయప్పది మా ఎదురిల్లు. సొంతూరు పెనుకొండ. టెలిఫోను శాఖలో కేబుళ్ళు అతికే పని చేసి రిటైరైనాడు. హిందూపురం నుంచి ధర్మవరం దాకా రైలుపట్టాల పక్కన యాడ గుంత తవ్వినారో, యాడ అతుకు పడిందో, ముసలితనంలో గూడా వేలు పెట్టి చూపించేవాడు. గుంతలో కూర్చొని తీగ అతికినాక, చేతిలోని ఫోను తగిలించి అవతలివాన్ని "వినపడతాండాదా?" అని అడగడం ఉద్యోగంలో అలవాటు. ఇంటికొచ్చినా ఆ మాట పోలేదు. ఉప్పు తక్కువైందని పెండ్లానికి చెప్పినా, చివర్లో "వినపడతాండాదా?" అనేవాడు. "వినపడతాండాది, వీధంతా వినపడతాండాది" అని ఆయమ్మ తిట్టేది.

నా పని గూడా అతకడమే. మగ్గం మీద వార్పు, అంటే నిలువు పోగులు, అయిపోవస్తే, కొత్త వార్పు పోగులు వేలకొద్దీ ఒక్కొక్కటే పాత కొసలకు అతకాల. వేళ్ళకు బూడిద అద్దుకొని మెలి పెట్టాల. పెండ్లయిన కాడి నుంచి అదే పని. ఆయప్ప వచ్చి గడప మీద కూర్చొని చూసేవాడు. "అక్కా, నీదీ నాదీ ఒగే కులవృత్తి" అనేవాడు.

ఒగనాడు కాగితంలో చుట్టి వాళ్ళ కేబుల్లోని పోగు తెచ్చినాడు. పట్టు కంటే సన్నం. ఆశగా వేళ్ళతో మెలి పెట్టబోతే పుటుక్కుమనింది. ఆయప్ప ముఖం తెల్లబోయింది. నా చెయ్యి పట్టుకొని, టార్చి వేసి, తుంపు దొరికేదాకా నన్ను కదలనీలేదు. "దారం మాదిరి కనపడతాది గానీ ఇది గాజక్కా. కంట్లో పడితే ఏమి గతి?" ఆ మాట నాకు ఈ మధ్య బాగా గుర్తొస్తాండాది.

ఎందుకంటే నాకు చూపు తగ్గిపోతాండాది. ఎడమ కంటికి పొర. కండ్లు పోతే పని పోతాది, పని పోతే ఎవురి వాకిట్లో కూర్చోవాల? అందుకే పెనుకొండ కాడ మా అమ్మ ఇచ్చిన మెట్టచేను అమ్మినా. ఆ దుడ్లు యాడ పెట్టాలని ఆయప్పనే అడిగినా. ఆయన తన దుడ్లు కొంచెం ఒక ఫోను కంపెనీ షేర్లలో పెట్టుండాడు. ఎందుకప్పా అంటే, నా బూడిదతోనే నేల మీద గీతలు గీసినాడు.

"ఫోన్లో మనం మాట్లాడేది, చూసేది అంతా ఆకాశంలో ఎగిరిపోతాదనుకుంటాండావు గదా? టవరు దాకానే గాలి. దేశం దాటాలంటే నీళ్ళ కిందికి దిగాల్సిందే. సముద్రం అడుగున కేబులు పడుండాది, నీ జడంత లావు."

"నా జడ ఇప్పుడు ఎలకతోకంత ఉండాది లేప్పా."

"అయితే దానికంటే కొంచెం లావు" అన్నాడు నవ్వకుండా.

ఆ పొద్దు ఆయప్ప చెప్పింది నాకు ఇట్ల అర్థమైంది. ఫోను కంపెనీల్లో సొంత మగ్గం ఉన్నోళ్ళుండారు, కూలి మగ్గం వాళ్ళుండారు. సముద్రంలో సొంత పోగులున్న కంపెనీ ఇంకొకని వాకిట్లో నిలబడదు. జనం ఫోన్లో ఎంత చూస్తే అంత దారి తనకే ఉంటాది, మిగిలింది పక్కోళ్ళకు బాడుగకిస్తాది. పోగుల్లేని కంపెనీ అడిగినంత కట్టాల. ఒక్కరు మోసే ఖర్చు కాదు గనక నాలుగైదు కంపెనీలు పొత్తుకు దిగి కేబులు వేస్తాయి, ఎవురి పోగులు వాళ్ళు పంచుకుంటాయి.

"తెగితే?" అంటి.

"ఓడ లంగరు ఈడ్చితే తెగుతాది. ఇంకొక ఓడ పోయి కొసలు పైకి లాగుతాది, నాలాంటోడే ఒకడు కూర్చొని అతుకుతాడు. అందుకే ఒగే దారి ఉన్న కంపెనీని నమ్మొద్దు. రెండు మూడు దారులుండాల."

"నువ్వు సముద్రంలో ఎప్పుడన్నా అతికినావా?"

"సముద్రమే చూడలేదక్కా. వానొస్తే పెనుకొండ చెరువే నాకు సముద్రం."

కడాకు ఇట్ల చెప్పినాడు. "మూడు పాళ్ళలో ఒగ పాలు పెట్టు. పదేండ్లు మర్చిపోగలిగినంత. రెండు పాళ్ళు పోస్టాఫీసులో ఉండనీ. వార్పు ఎట్ల కోస్తావు నువ్వు? తోక మిగిలించుకొనే గదా! వినపడతాండాదా?"

తోకంటే ఏమంటే, చీరె కోసేటప్పుడు పాత పోగులు జానెడు మగ్గంలోనే వదలాల. వాటి కొసలకే కొత్తవి అతికేది. ఇంకొక మూర వస్తాదని ఆశపడి చివరిదాకా నేస్తే తోక జారి బయటికొస్తాది. అప్పుడు ప్రతి పోగూ మొదట్నుంచి మగ్గంలోకి ఎక్కించుకోవాల. నేసేటోళ్ళకు తెలియని సంగతి కాదు. అయినా చేసేది మేమే.

మొదట ఆయప్ప చెప్పినట్లే ఒగ పాలు పెట్టినా, తర్వాత నేనూ ఆ ఆశే పడినా. ఏడాది పాటు ఆ షేరు పెరుగుతానే ఉండింది. ఆయప్పకు చెప్పకుండా షేర్ల ఆఫీసుకు పోయి, వేలిముద్ర వేసి, పోస్టాఫీసులోని రెండు పాళ్ళు గూడా అందులోనే పెట్టేసినా. వేలిముద్ర మిషనుకు నా మూడు వేళ్ళు ఒగటి తర్వాత ఒగటి పడలేదు, పట్టు లాగి లాగి గీతలే అరిగిపోయుండాయి. అప్పుడన్నా బుద్ధి రావాల్సింది. నాలుగో వేలు పెట్టినా.

మొన్న సముద్రంలో యాడనో కేబుళ్ళు తెగినాయని టీవీలో చెప్పినారు. ఆ కంపెనీ షేరు పడింది. మరుసటిరోజు ఇంకా పడింది. ఆయప్ప అప్పటికే పుట్టపర్తిలో మంచాన ఉండాడు. బస్సెక్కి పోయినా.

"తెగింది అతుకుతారక్కా, దానికి భయమెందుకు? నీది ఒగ పాలే గదా" అన్నాడు. నా నోటి నుంచి నిజం వచ్చేసింది.

"నేనొగటి సరిగ్గా చెప్పలేదు నీకు" అన్నాడు. "బాడుగ వస్తానే ఉంటాదని చెప్పినా. కొత్త కేబుళ్ళు పడేకొద్దీ బాడుగ దిగుతాది. కేబులు విలువంతా బాడుగలో లేదు. ఇంకొకన్ని అడుక్కోకుండా ఉండటంలో ఉండాది. అది దుడ్లై రావడానికి ఏండ్లు పడతాది. నీకు నాకు ఏండ్లుండాయా? నాకూ భయమైతాండాదక్కా."

"నువ్వే భయపడితే నేనెవర్ని అడగాలప్పా?"

"ఎవురొచ్చి చెప్పినా వాన్నే అడుగు. ఏ కేబులు, ఎవురెవురు పొత్తు, యాడ ఒడ్డుకెక్కుతాది అని. చెప్పలేకపోతే వేలు పెట్టొద్దు. నష్టమొచ్చినా సరే, తోక మిగిలించుకో." గొంతు పోయి గుసగుసగా అన్నాడు, "వినపడతాండాదా?" అని. ఆయప్ప నాతో మాట్లాడింది అదే కడా.

దివసాలు, అదే పెద్దకర్మ, పెనుకొండలో చేసినారు. భోజనాల ఆకుల ముందర కూర్చున్నాము. నా కొడుకు హిందూపురం నుంచి వచ్చినాడు, ఆడ మోటార్ల దుకాణంలో పని వానికి. పదిమంది వింటాండగా ఎత్తుకున్నాడు.

"ఆయప్ప పాయె, నిన్ను సముద్రంలో ముంచి పాయె. ఉండేది ఉన్నట్టు అమ్మేయమ్మా. హిందూపురంలో ఒకాయనుండాడు, సముద్రం కేబులు ముక్కనే మన పేరున రాసిస్తాడంట. నెల నెలా బాడుగ. ఇప్పుడు నీ ఫోనుకు ఓటీపీ నంబరొస్తాది, అది ఆయనకు చెప్పాల, ఫోను ఇట్లియ్యి."

పక్కనోళ్ళు "పాపం, చదువురాని ముసలిదాన్ని" అన్నారు. అన్నం గంపతో వస్తాండిన ఆయప్ప కూతురు అట్లే నిలబడిపోయింది. నా ఒడిలో ఫోను గుర్రుమనింది. ఊరకుంటే సరిపోయుండు. చచ్చినోడు తిరగబడి మాట్లాడడు. కొడుకు ముందర నా మర్యాద నిలబడుండు. నిజం చెప్తే, రేపు కండ్లు పోయినాక అన్నం పెట్టాల్సిన వాని ముందర ఆశబోతు ముండనైతా. అయినా లేసినా.

"ముంచింది ఆయప్ప కాదురా. ఆయన ఒగ పాలే అన్నాడు. మిగిలిన రెండు పాళ్ళు దొంగగా పెట్టింది నేను. ఈ వేలు. ఇంగ నువ్వు చెప్పు. ఏ కేబులు అది? ఎవురెవురు పొత్తు? యాడ ఒడ్డుకెక్కుతాది? మూరల్లెక్కన కోసి అమ్మేదానికి అదేమన్నా చీరెనా?"

"అదంతా నాకెట్ల తెలుస్తాదమ్మా?"

"తెలియనిదానికి నా ఫోనెందుకురా?"

వాడు ఆకు ముందర నుంచి లేసి పోయినాడు. ఇప్పటిదాకా ఫోను చేయలేదు.

ఆ వారమే, ఇది రాస్తాండే ఈ బిడ్డను తోడు పిలుచుకొని పోయి, రెండు పాళ్ళు నష్టానికే అమ్మి, వచ్చింది పోస్టాఫీసులో వేసినా. ఒగ పాలు సముద్రం కిందనే ఉండాది. చేసింది మంచో చెడో నాకు తెలియదు. నీ నాయన తప్పు లేదని నీ చేత్తోనే రాయి తల్లీ అన్నా. రాస్తాండాది.

పొద్దున లేస్తే ఎదురింటి గడప ఖాళీ. నేను బూడిద అద్దుకొని కూర్చుంటా. ఒక్కో పోగు అతికి, మెల్లగా లాగి, ఎవురూ లేనప్పుడు "వినపడతాండాదా?" అంటా. నిన్న ఒగ పోగు జారింది. ఎంత వంగినా కంటికి కనపడలేదు. రెండు అరచేతులూ వార్పు మీద పరిచి, ఊపిరి బిగబట్టి, అన్ని వేల పోగుల్లో వదులైంది ఏదో వేళ్ళతో వింటా కూర్చున్నా.