పన్నెండో పాలపన్ను

రాలిపోయే పళ్ల కోసం మూడేళ్లు చదువుతారని మా మనవరాలు చెప్పేదాకా నాకు తెలియదు. జగిత్యాలలో ఉండే నా కూతురి బిడ్డ ఆమె. పళ్ల డాక్టరు చదువు ఐదేళ్లు అప్పటికే అయిపోయింది. అది చాలలేదట. చిన్నపిల్లల పళ్లకు పీజీ అని మళ్లీ చేరింది. మొదటి ఆర్నెల్లు ఏం నేర్పారని అడిగితే, స్టీలు తీగను పట్కారుతో వంచి చూపించింది. నాలుగో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదువుకొని ఇంతవాణ్ణయ్యాను. సిరిసిల్లలో యాభై ఏళ్లు మగ్గం మీద కూర్చున్నాను. తీగ వంచడానికి కాలేజీ ఎందుకు?

"పాలపండ్లు వాటంతటవే రాల్తయి గదనే. గాటికి మూడేండ్లు సదువుడేంది?"

"నువ్వు బడి మానకుంటే తెలుస్తుండె తాతా."

ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

మా వీధికి పళ్ల డాక్టరును నేనే. పిల్లల పన్ను కొంచెం కదిలితే చాలు, కండెకు మిగిలిన నూలుపోగు ముడివేసి, "అగో పిట్ట" అని పైకి చూపించి లాగేసేవాణ్ణి. పోగులు రెండు కలిపి పేనితే దవడపన్ను కూడా ఆగేది కాదు. ఆ విద్య మా నాయన నా నోట్లోనే నేర్పాడు. నేను వీధి పిల్లల మీదా, నా కూతురి మీదా సాధన చేశాను. ఎవరూ సర్టిఫికెట్ అడగలేదు.

పీజీ మూడో ఏట మనవరాలికి చిక్కొచ్చి పడింది. థీసిస్ కోసం, పీకిన పాలదవడ పళ్లు పన్నెండు కావాలి, వేర్లతో సహా అట; ఆ చివరి మాట నా చెవికెక్కలేదు. పదకొండు దొరికాయి. పన్నెండోది దొరకడం లేదు. మన దగ్గర పన్నును ఎవరు వదులుతారు? పేడలో చుట్టి పెంకుల మీదికి విసిరితేనే కొత్తది నిటారుగా వస్తుందని నమ్మకం. కుర్చీ పక్కనే నాయనమ్మలు చెయ్యి చాపి నిలబడతారట. నెలాఖరులోగా ఆ ఒక్కటీ రాకపోతే పరీక్ష ఆర్నెల్లు వెనక్కి పోతుంది. ఫోన్లో పిల్ల గొంతు సన్నబడింది.

"ఒక్క పన్నుకు ఏడుస్తవా బిడ్డా? సిరిసిల్లల పోరగాండ్లు కరువా?" అన్నాను.

వారం రోజులు గల్లీలన్నీ తిరిగి ఏడు పళ్లు సంపాదించాను. శుభ్రంగా కడిగి, డాబా మీద ఎండబెట్టి, ఒక్కోదానికి పేరు రాసిన చీటీ నూలుతో కట్టి, తంబాకు డబ్బాలో దూది పరిచి సర్దాను. వేములవాడ మీదుగా బస్సులో జగిత్యాలకు పట్టుకుపోయాను. మూత తీసి మనవరాలు నవ్వి నవ్వి నేల మీద కూలబడింది.

"వేర్లేయి తాతా?"

"పన్నుకు వేర్లేంది?"

"రాలినవాటికి ఉండయి. కింద కొత్త పన్ను వస్తుంటే వేరు కరిగిపోతది. పైగా ఎండవెడితే పగుల్తయి. అప్పడాలనుకున్నవా?"

డెబ్బై ఏళ్ల కిందట నా నోట్లో జరిగిన సంగతి నాకే ఎవరూ చెప్పలేదని ఒళ్లు మండింది.

ఆ ఆదివారం కోరుట్లలో కాలేజీవాళ్ల పళ్ల శిబిరం. మాట్లాడి ఒప్పించడం నా వంతు అని వెంట పోయాను. మధ్యాహ్నం ఒక నాయనమ్మ ఆరేళ్ల పాపను తెచ్చింది. దవడపన్ను పూర్తిగా పుచ్చిపోయింది, నిలిపే దారి లేదు. మా పిల్ల పాపకు దోమ కథ చెబుతూనే సూది వేసి, పన్ను తీసింది. వేర్లు చక్కగా ఉన్నాయి. ముసలమ్మ అరచెయ్యి చాపింది. మా పిల్ల పరిశోధన అనీ, సంతకం అనీ మొదలుపెట్టింది.

"నీ కాయితం నాకెందుకు డాక్టరమ్మా? పెంకల మీద ఎయ్యకుంటె పోరికి పన్ను వంకరొస్తది."

నేను ముందుకొచ్చాను. "చెల్లే, నా పాలపండ్లన్నీ మా అవ్వ పెంకల మీదనే ఏసింది. ఇగో సూడు."

నోరు తెరిచాను. నా ముందు పళ్లు రెండూ ఒకదాని మీద ఒకటి కాలేసుకొని కూర్చుంటాయి. ముసలమ్మ వంగి పరీక్షగా చూసింది.

"మీ అవ్వ పెండ తక్కువ వెట్టింది అన్నా."

వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది నా మనవరాలే.

"పెండ కాదమ్మా. ఈయనయి ముందుగాల్నే పీకిండ్రు. పాలపన్నంటె బస్సు సీటు మీద ఏసిన తువ్వాల. వచ్చే పన్నుకు జాగ ఆపుతది. తువ్వాల తీస్తే పక్కోడు జరిగి కూసుంటడు. ఎనుక వచ్చినోడు ఏడ కూసుంటడు? ఒకని ఒళ్లె."

"మరి మా పోరిది గూడ పీకితివి గద!" ముసలమ్మ వదల్లేదు.

"అందుకే వచ్చే వారం కాలేజీకి తోల్కరా. ఇసొంటి తీగ పెడత. కొత్తది వచ్చేదాక గదే జాగ ఆపుతది."

కోటు జేబులోంచి తీసి ఆమె చేతిలో పెట్టింది, నేను ఎగతాళి చేసిన తీగే అది. ముసలమ్మ అటూ ఇటూ తిప్పి చూసింది.

"నిటారొస్తదా?"

"దగ్గరుండి నేనే సూస్కుంట."

"అయితె పన్ను తీస్కో. తీగ మర్చిపోయినవో, నీ కాలేజీ పెంకలెక్కుత."

కాగితం మీద వేలిముద్ర పడింది. పన్నెండోది సీసా నీళ్లలో మునిగింది. మా పిల్ల మూతను రెండుసార్లు బిగించింది.

నేను మాత్రం వేరే ఆలోచనలో పడ్డాను.

"బిడ్డా, ముందుగాల పీకితే అందరికీ గట్లనే అయితదా?"

"శానమందికి. ఎందుకు తాతా?"

"ఏం లేదు."

సాయంత్రం జగిత్యాలలో కూతురు తలుపు తీసి, "దొరికిందా నాయినా?" అని పళ్లన్నీ కనబడేలా నవ్వింది. ఆమె కోరపన్ను వరస తప్పి ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. అది వాళ్లమ్మ పోలిక అని ఇన్నేళ్లూ మా ఇంటావిడ మీదికి తోసేశాను.

"దొరికింది" అన్నాను, చెప్పులు విప్పుతున్నట్టు తల వంచుకొని.